పేపర్ ఏ జర్నల్‌కి పంపాలి? ఫీజు ఉన్నవి, లేనివి, ప్రీప్రింట్, కాన్ఫరెన్స్: రీసెర్చ్ స్కాలర్ల కోసం ఒక పోలిక

పేపర్ రాసేశాక "సార్, దీన్ని ఎక్కడికి పంపమంటారు?" అని గైడ్ గది తలుపు తట్టే స్కాలర్లే మన యూనివర్సిటీల్లో ఎక్కువ. అప్పటికి థీసిస్ గడువు దగ్గరపడి ఉంటుంది. ఆ టెన్షన్‌లో ఉండగా ఫోన్‌కి "పది రోజుల్లో పబ్లికేషన్, స్కోపస్ గ్యారంటీ" అని మెసేజ్ వస్తే ఆశ పుట్టడం సహజమే (స్కోపస్ అంటే గుర్తింపున్న జర్నళ్ల పెద్ద డేటాబేస్). ఫెలోషిప్ డబ్బుల్లోంచి పదీ ఇరవై వేలు తీసి కట్టేస్తారు. కొన్నేళ్ల తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూలో ఆ జర్నల్ పేరు చూసి బోర్డులో ఒకరు మొహం చిట్లిస్తారు. ఇలాంటిది విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే అలా పాడైన పేపర్లలో కొన్ని నిజంగా మంచి పనులు.

చాలా సబ్జెక్టుల్లో మంచి జర్నల్లో పేపర్ రావడానికి పైసా కట్టక్కర్లేదు. కావాల్సింది సమయం. చేతిలో సమయం లేనివాళ్లే డబ్బు కడతారు, లేదా మోసపోతారు. కాబట్టి జర్నల్ ఎంపికను థీసిస్ చివరిదాకా వాయిదా వేయకండి. ఫలితం ఏమిటో మీకు తెలిసిన రోజునే దాని గురించి ఆలోచించడం మొదలుపెట్టండి. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. మాట్లాడుకోవడానికి వీలుగా ఒక ఉదాహరణ పెట్టుకుందాం: నల్గొండ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద పనిచేస్తున్న ఒక స్కాలర్.

## ముందు తేల్చుకోవాల్సినవి

గడువు. సైన్స్ జర్నళ్లలో పేపర్ ప్రయాణం దాదాపు ఇలా ఉంటుంది. ముందు ఎడిటర్ చూస్తారు. తమ పరిధిలోకి రాదనుకుంటే రివ్యూకి, అంటే అదే సబ్జెక్టు నిపుణుల పరిశీలనకు, పంపకుండానే తిప్పి పంపేస్తారు, అదే డెస్క్ రిజెక్ట్. దీనికి వారం నుంచి నెల పడుతుంది. అది దాటితే రివ్యూయర్లను వెతకాలి. రివ్యూ చేసినందుకు ఎవరికీ జీతం రాదు, అడిగినవాళ్లలో చాలామంది కుదరదంటారు. సబ్మిషన్ పోర్టల్లో వారాల తరబడి "రివ్యూయర్స్ ఇన్వైటెడ్" అని కనిపిస్తుంటే అర్థం అదే: మీ పేపర్‌ని ఇంకా ఎవరూ చదవడం లేదు, చదివేవాళ్ల కోసం వెతుకుతున్నారు. అది "అండర్ రివ్యూ" అయ్యాక రెండు నుంచి నాలుగు నెలలు. తర్వాత మేజర్ రివిజన్ (పెద్ద మార్పులు చేయమని) వస్తే మీ వంతు రెండు నెలలు, మళ్లీ వాళ్ల వంతు ఒకటి రెండు నెలలు. యాక్సెప్ట్ అయ్యాక ఆన్‌లైన్‌లోకి రావడానికి ఇంకొన్ని వారాలు. అంటే అన్నీ సవ్యంగా సాగినా ఆరు నెలల నుంచి ఏడాది. గణితం, ఎకనామిక్స్, చరిత్ర, సాహిత్యంలో ఏడాదిన్నర రెండేళ్లు పట్టినా ఎవరూ ఆశ్చర్యపోరు. మధ్యలో ఒక రిజెక్షన్ వస్తే ఈ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి థీసిస్ ఇచ్చే నెల నుంచి ఏడాదిన్నర వెనక్కి లెక్కపెట్టుకోండి. మొదటి పేపర్ అప్పటికి వెళ్లిపోవాలి.

ఎవరు లెక్కలోకి తీసుకుంటారు. ఇక్కడ పాత సమాచారం పట్టుకుని తిరిగేవాళ్లు చాలామంది. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2016 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు రిఫరీడ్, అంటే రివ్యూ చేసి వేసే, జర్నల్లో ఒక పేపర్ తప్పనిసరి. 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో ఆ షరతు తీసేశారు. కానీ తమ సొంత నియమంగా పేపర్ అడిగే అధికారం యూనివర్సిటీలకు ఉంది, చాలా యూనివర్సిటీలు అడుగుతూనే ఉన్నాయి. అందుకని మీ రిజిస్ట్రేషన్ ఏ ఏడాది నిబంధనల కిందికి వస్తుందో ముందు డీన్ ఆఫీసులో కాగితం మీద చూసుకోండి. సీనియర్ చెప్పిన మాట సరిపోదు.

యూజీసీ కేర్ లిస్టు కథ కూడా మారింది. నమ్మదగ్గ జర్నళ్ల జాబితాగా 2019లో మొదలైన ఆ లిస్టును ఆపేస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో యూజీసీ ప్రకటించింది. ఇకమీదట జర్నల్ మంచిదా కాదా అన్నది విద్యాసంస్థలే తేల్చుకోవాలని, అందుకు కొన్ని ప్రమాణాలు సూచించింది. కాబట్టి ఇప్పుడు ఎవరైనా "మా జర్నల్ యూజీసీ అప్రూవ్డ్" అని రాసుకుంటే ఆ మాటకు విలువ లేదు.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ప్రమోషన్ లెక్క వేరు. యూజీసీ 2018 నిబంధనల పట్టికలో పీర్ రివ్యూడ్ జర్నల్ పేపర్‌కి సైన్స్ వైపు 8 పాయింట్లు, ఆర్ట్స్, సోషల్ సైన్సెస్ వైపు 10. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని (జర్నల్ పేపర్లను ఇతరులు సగటున ఎన్నిసార్లు సైట్ చేస్తున్నారో చెప్పే అంకెని) బట్టి ఇంకో 5 నుంచి 30 దాకా కలుస్తాయి. ఇద్దరు రచయితలుంటే చెరి 70 శాతం. ముగ్గురు, అంతకంటే ఎక్కువుంటే మొదటి రచయితకు లేదా కరెస్పాండింగ్ రచయితకు (జర్నల్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపేవారికి) 70, మిగతా అందరికీ తలా 30. అందుకే పేర్ల వరస గురించి పేపర్ రాయకముందే మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. రాశాక మాట్లాడితే మనసులు విరుగుతాయి.

ఎవరు చదవాలి. నల్గొండ పేపర్ ఎవరి చేతిలో పడితే ఉపయోగం? నీటి రసాయన శాస్త్రవేత్తల చేతిలోనా, గ్రామీణ నీటి సరఫరా ఇంజినీర్ల చేతిలోనా, ఎముకల డాక్టర్ల చేతిలోనా? దీనికి జవాబు దొరికితే జర్నళ్ల జాబితా వందల నుంచి పదికి తగ్గుతుంది. ఇంకో సులువైన దారి ఉంది: మీ రిఫరెన్సుల్లో ఏ జర్నల్ పేరు మూడు నాలుగు సార్లు కనిపిస్తోందో చూడండి. మీరు చదువుతున్నవాళ్లు ఎక్కడ రాస్తున్నారో, మిమ్మల్ని చదివేవాళ్లు కూడా అక్కడే ఉంటారు.

డబ్బు. దీని గురించి ఒక్కో దారి దగ్గరా చెబుతాను.

## ఒక్క చూపులో

| దారి | రచయిత కట్టేది | పట్టే సమయం | ఎవరికి అందుబాటు | ఎవరికి సరిపోతుంది |
|---|---|---|---|---|
| మన దేశపు అకాడమీ, సొసైటీ జర్నళ్లు | చాలావాటిలో ఏమీ లేదు | మధ్యస్థం నుంచి ఎక్కువ | ఎక్కువగా అందరికీ | స్థానిక సమస్యల మీద పనిచేసేవాళ్లకు |
| పెద్ద ప్రచురణ సంస్థలు, చందా పద్ధతిలో | ఏమీ లేదు | ఆరు నెలలు, ఆపైన | చందా ఉన్న సంస్థలకు | సమయం ఉన్న ఎవరికైనా |
| ఫీజు తీసుకునే ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగేది) | వేల డాలర్ల దాకా | తరచూ తక్కువ | అందరికీ | ప్రాజెక్టు నిధులున్నవాళ్లకు |
| డైమండ్ ఓపెన్ యాక్సెస్ | ఏమీ లేదు | జర్నల్‌ని బట్టి | అందరికీ | హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్‌కు |
| ప్రీప్రింట్ (రివ్యూకి ముందే ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతి) | ఏమీ లేదు | రోజులు | అందరికీ | జర్నల్‌తో పాటు అదనంగా |
| కాన్ఫరెన్స్ | రిజిస్ట్రేషన్ ఫీజు | ముందే తెలిసిన తేదీలు | మారుతూ ఉంటుంది | కంప్యూటర్ సైన్స్‌కు |

## మన దేశపు జర్నళ్లు

"ఇండియన్ జర్నలా?" అని పెదవి విరిచేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మన ప్రాంతపు ఫ్లోరోసిస్ గురించి, అప్పటి నెల్లూరు జిల్లాలో కనిపించిన జబ్బుగా, 1937లో వచ్చిన తొలి పేపర్ కలకత్తా నుంచి వెలువడే ఇండియన్ మెడికల్ గెజిట్‌లో అచ్చయింది. దాదాపు తొంభై ఏళ్లు కావస్తున్నా ఫ్లోరోసిస్ మీద రాసేవాళ్లు ఇప్పటికీ దాన్ని సైట్ చేస్తారు. ఆ పత్రిక ఎప్పుడో ఆగిపోయింది, పేపర్ మాత్రం బతికే ఉంది.

బెంగళూరులో 1932లో మొదలైన కరెంట్ సైన్స్, ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నడిపే ప్రమాణ, సాధన లాంటి జర్నళ్లు, ముంబై నుంచి వచ్చే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ మన దగ్గర గట్టి పేరున్నవి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జర్నల్ 1913 నుంచి వస్తోంది. వీటిలో రివ్యూ చేసేవాళ్లకు నల్గొండ ఎక్కడుందో చెప్పనక్కర్లేదు. బోరు లోతు, గ్రానైట్ పొరలు, ఎండాకాలంలో నీటిమట్టం పడిపోవడం, ఇవన్నీ వాళ్లకు తెలిసిన విషయాలే. విదేశీ జర్నల్లో అదే పేపర్‌కి "ఇది కేవలం ఒక జిల్లాకి సంబంధించిన కేస్ స్టడీ" అని డెస్క్ రిజెక్ట్ వచ్చే అవకాశం ఎక్కువ.

ఇబ్బందులూ ఉన్నాయి. ఎడిటోరియల్ సిబ్బంది తక్కువ కాబట్టి జవాబులు ఆలస్యమవుతాయి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎక్కువ ఉండదు కాబట్టి ప్రమోషన్ పాయింట్లు తగ్గుతాయి. విదేశాల్లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) అడిగేటప్పుడు సెలెక్షన్ కమిటీకి ఆ జర్నల్ పేరు తెలియకపోవచ్చు. స్థానిక సమస్య మీద పనిచేసినవాళ్లకు మాత్రం నేను మొదట ఇవే చూడమంటాను.

## పెద్ద ప్రచురణ సంస్థల జర్నళ్లు, ఫీజు లేకుండా

ఎల్సెవియర్, స్ప్రింగర్, వైలీ, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ లాంటి సంస్థల జర్నళ్లు చాలావరకు హైబ్రిడ్. అంటే అదే జర్నల్లో డబ్బు కట్టి ఓపెన్ యాక్సెస్‌గా వేయొచ్చు, కట్టకుండా చందా పద్ధతిలోనూ వేయొచ్చు. పేపర్ యాక్సెప్ట్ అయ్యాక ఒక ఫారం వస్తుంది. అందులో పైన ఓపెన్ యాక్సెస్, పక్కనే గుండె గుభేల్‌మనిపించే డాలర్ల అంకె. కొత్త స్కాలర్లు చాలామంది అక్కడే భయపడి పేపర్ వెనక్కి తీసుకుందామా అని ఆలోచిస్తారు. కంగారు పడకుండా కిందికి చూడండి. సబ్‌స్క్రిప్షన్ అనే రెండో గడి ఉంటుంది. అది టిక్ చేస్తే కట్టేదేమీ లేదు. పేపర్ అదే, రివ్యూ అదే, ఇండెక్సింగ్ (స్కోపస్ లాంటి డేటాబేసుల్లో నమోదు) అదే.

దీనికి బదులుగా మీరిచ్చేది కాపీరైట్. చందా లేనివాళ్లకు పేపర్ తెరుచుకోదు. ఈ రెండో ఇబ్బంది మన దేశంలో కొంత తగ్గింది. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద 2025 జనవరి 1 నుంచి దాదాపు 6,300 ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు సుమారు 13,000 అందుబాటులోకి వచ్చాయి. ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో కూర్చున్న స్కాలర్ ఇప్పుడు మీ పేపర్ చదవగలరు. కానీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వందల సంఖ్యలో ఉన్న ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీలు ఆ పథకంలో లేవు. నల్గొండలో నీటి సరఫరా చూసే ఇంజినీరూ లేరు.

దీనికి ఒక మార్గం ఉంది. చాలా సంస్థలు యాక్సెప్ట్ అయిన మీ వర్డ్ ప్రతిని, అంటే వాళ్లు అచ్చుకు దిద్దకముందున్న ప్రతిని, యూనివర్సిటీ రిపాజిటరీలో (ఆన్‌లైన్ భాండాగారంలో) పెట్టుకోనిస్తాయి. కొన్ని వెంటనే ఒప్పుకుంటాయి, కొన్ని ఆరు నెలల నుంచి రెండేళ్ల గడువు పెడతాయి. జర్నల్ వెబ్‌సైట్లో సెల్ఫ్ ఆర్కైవింగ్ పాలసీ అన్న చోట రాసి ఉంటుంది. ఈ ఒక్క పని చేస్తే డబ్బు కట్టకుండానే పేపర్ అందరికీ అందుతుంది. మన దగ్గర దీన్ని వాడుకునేవాళ్లు చాలా తక్కువ. నా మట్టుకు నేను ఎక్కువమందికి సిఫారసు చేసే దారి ఇదే: హైబ్రిడ్ జర్నల్, చందా పద్ధతి, రిపాజిటరీలో మీ సొంత ప్రతి.

## ఫీజు తీసుకునే ఓపెన్ యాక్సెస్

డబ్బు తీసుకునేవన్నీ దొంగ జర్నళ్లు కావు. 2006లో మొదలైన ప్లాస్ వన్ ఫీజు తీసుకుంటుంది, రివ్యూ నిజంగా చేస్తుంది. ఫలితం ఎంత గొప్పది అని చూడకుండా పద్ధతి సరిగ్గా ఉందా అని మాత్రమే చూసే అలవాటును పెద్ద ఎత్తున తెచ్చింది కూడా అదే. కానీ ఫీజులు మన ఫెలోషిప్‌లకు అందేవి కావు. నేచర్ పత్రిక ఓపెన్ యాక్సెస్ మొదలుపెట్టినప్పుడు, 2021లో, పేపర్‌కి 9,500 యూరోలు అంది. మామూలు జర్నళ్లలో కూడా వెయ్యి నుంచి మూడు వేల డాలర్లు సాధారణం, పన్ను అదనం.

"పేద దేశాల వాళ్లకు ఫీజు మాఫీ ఉంటుందట కదా" అని అడుగుతారు. ఉంటుంది, కానీ చాలా సంస్థల ఆటోమేటిక్ మాఫీ జాబితాలో భారత్ లేదు. ప్రత్యేకంగా అడిగితే కొన్నిసార్లు తగ్గిస్తారు. సబ్మిట్ చేసేముందే అడగాలి, యాక్సెప్ట్ అయ్యాక అడిగితే కుదరదని చెప్పేవే ఎక్కువ.

ఇంకో ప్రమాదం డీలిస్టింగ్. ఈ రోజు స్కోపస్‌లోనో, అలాంటి మరో డేటాబేస్ వెబ్ ఆఫ్ సైన్స్‌లోనో ఉన్న జర్నల్, మీ వైవా నాటికి ఉంటుందన్న హామీ లేదు. 2023 మార్చిలో ఎమ్‌డీపీఐ అనే ప్రచురణ సంస్థ వారి భారీ జర్నల్, ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ఎన్విరాన్‌మెంటల్ రీసెర్చ్ అండ్ పబ్లిక్ హెల్త్‌ను వెబ్ ఆఫ్ సైన్స్ తొలగించింది. అంతకుముందు మంచి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉన్న జర్నల్ అది. అదే ఏడాది వైలీ చేతిలో ఉన్న హిందావి జర్నళ్ల నుంచి 8,000కు పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు. చాలావరకు స్పెషల్ ఇష్యూల (ఒకే అంశం మీద అతిథి ఎడిటర్లు తెచ్చే సంచికల) పేరుతో వచ్చినవే. ఆఖరికి హిందావి పేరే వైలీ వదిలేసింది. ఆ జర్నళ్లలో నిజాయితీగా రాసినవాళ్లు కూడా ఇప్పుడు ఇంటర్వ్యూల్లో సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది. కాబట్టి ముక్కూ మొహం తెలియని ఎడిటర్ నుంచి "మా స్పెషల్ ఇష్యూకి మీ పేపర్ పంపండి" అని మెయిల్ వస్తే, ఫీజు ఉన్న జర్నలైతే, వదిలేయడమే మేలు.

ఈ దారి ఎవరికంటే: ప్రాజెక్టు నిధుల్లో ప్రచురణ ఖర్చుకు పద్దు ఉన్నవాళ్లకు, విదేశీ యూనివర్సిటీతో కలిసి పనిచేస్తూ ఆ యూనివర్సిటీ ఒప్పందం కింద ఫీజు లేకుండా వేసుకోగలిగినవాళ్లకు. సొంత జేబులోంచి, అప్పు చేసి మాత్రం వద్దు.

## డైమండ్ ఓపెన్ యాక్సెస్

రాసేవాళ్ల దగ్గరా చదివేవాళ్ల దగ్గరా డబ్బు తీసుకోని జర్నళ్లివి. యూనివర్సిటీలు, పరిశోధక సంఘాలు నడుపుతాయి. డీఓఏజే అనే ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల డైరెక్టరీ 2003 నుంచి ఉంది. అందులో సబ్జెక్టు ఎంచుకుని, ఫీజు లేనివి మాత్రమే చూపించమంటే జాబితా వస్తుంది. సోషల్ సైన్సెస్, భాషాశాస్త్రం, చరిత్ర వాళ్లకు ఇందులో మంచివి దొరుకుతాయి. కొన్ని ఒకరిద్దరు ప్రొఫెసర్ల ఓపిక మీద నడుస్తుంటాయి కాబట్టి, గత రెండేళ్లలో సంచికలు సమయానికి వచ్చాయా అని చూసుకుంటే చాలు.

## ప్రీప్రింట్

ప్రీప్రింట్లు పెట్టే వెబ్‌సైట్లలో భౌతికశాస్త్రం వాళ్లకు ఆర్కైవ్ 1991 నుంచి ఉంది, జీవశాస్త్రానికి బయోఆర్కైవ్ 2013లో, వైద్యానికి మెడ్‌ఆర్కైవ్ 2019లో వచ్చాయి. పెట్టిన కొద్ది రోజుల్లోనే పేపర్ తేదీతో సహా బయట ఉంటుంది. "మా ఆలోచన ఎవరైనా కొట్టేస్తారేమో" అని భయపడేవాళ్లకు నిజానికి ఇదే రక్షణ, ముందు చెప్పింది మీరేనని రుజువు ఉంటుంది. పాంకరే ఊహ అనే ప్రసిద్ధ గణిత సమస్యకు గణితవేత్త పెరెల్మాన్ 2002, 2003ల్లో ఇచ్చిన నిరూపణ ఆర్కైవ్‌లోనే ఉంది, ఏ జర్నల్‌కీ పంపలేదు. అది పెరెల్మాన్‌కి చెల్లింది. మీ డీన్ ఆఫీస్ ప్రీప్రింట్‌ని పేపర్‌గా లెక్కవేయదు. కాబట్టి జర్నల్‌కి పంపుతూనే పక్కన ప్రీప్రింట్ పెట్టండి, బదులుగా కాదు. ఆ జర్నల్ ప్రీప్రింట్లకు ఒప్పుకుంటుందా లేదా అన్నది ముందే చూసుకోండి. చాలావరకు ఒప్పుకుంటాయి. రోగులకు సంబంధించిన ఫలితాలైతే తొందరపడకండి. రివ్యూ కాని మందు సమాచారం బయటికి పొక్కితే జనం నమ్మేస్తారు.

ఇంకో చిన్న చిక్కు. థీసిస్ సిమిలారిటీ చెక్‌లో (ఇతర రచనలతో పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ పరీక్షలో) మీ ప్రీప్రింటే, మీ పేపరే తగిలి శాతం పెరగొచ్చు. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా శిక్ష లేదు, 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. మీ సొంత ప్రచురణను లెక్క నుంచి ఎలా మినహాయిస్తారో లైబ్రరీలో ముందే అడిగి ఉంచుకోండి.

## కాన్ఫరెన్స్

ఇది సబ్జెక్టును బట్టి పూర్తిగా మారే విషయం. కంప్యూటర్ సైన్స్‌లో మంచి కాన్ఫరెన్స్ పేపర్ జర్నల్ పేపర్‌కి తీసిపోదు. నేటి చాట్‌బాట్‌లకు మూలమైన ట్రాన్స్‌ఫార్మర్ నమూనా 2017లో ఒక కాన్ఫరెన్స్ పేపర్‌గానే వచ్చింది. తేదీలు ముందే తెలుస్తాయి కాబట్టి గడువున్నవాళ్లకు మేలు. మిగతా సబ్జెక్టుల్లో కాన్ఫరెన్స్ అంటే పని గురించి నలుగురితో మాట్లాడే చోటు మాత్రమే. ప్రొసీడింగ్స్‌లో (కాన్ఫరెన్స్ పేపర్ల సంకలనంలో) అచ్చయిందే మళ్లీ జర్నల్‌కి పంపితే చిక్కుల్లో పడతారు.

## పది రోజుల జర్నళ్లు

వీటిని ఎంపికగా చెప్పను, గుర్తుపట్టడానికే చెబుతున్నాను. 2013లో సైన్స్ పత్రిక తరఫున జాన్ బొహానన్ అనే జర్నలిస్టు కావాలనే తప్పులతో నింపిన ఒక దొంగ పేపర్‌ని 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపితే 157 ఒప్పేసుకున్నాయి. ఈ వ్యాపారం మన ఇంటి ముంగిట్లోనూ ఉంది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒమిక్స్ సంస్థ రివ్యూ గురించి అబద్ధాలు చెప్పిందని, ఫీజుల సంగతి దాచిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. 2019లో నెవాడా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది.

ఐఎస్‌ఎస్‌ఎన్ నంబర్ ఉందని నమ్మేయకండి. అది పత్రికను గుర్తించే నంబర్ మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే వెబ్ ఆఫ్ సైన్స్ నడిపే క్లారివేట్ సంస్థ ఏటా జూన్‌లో ఇచ్చేదే. పేరుకు ముందు గ్లోబల్ అనో సైంటిఫిక్ అనో తగిలించి ఇంకెవరో ఇచ్చే అంకె అది కాదు. స్కోపస్‌లో ఉందో లేదో స్కోపస్ సోర్స్ లిస్టులోనే చూడండి, జర్నల్ వెబ్‌సైట్లో పెట్టిన స్క్రీన్‌షాట్‌లో కాదు. అక్కడ కనిపించినా, వెబ్ అడ్రస్ సరిగ్గా అదేనా అని ఒకసారి పోల్చండి. అసలు జర్నల్ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు నడిపేవాళ్లున్నారు. చివరగా, ఆ జర్నల్లో ఈ మధ్య వచ్చిన రెండు పేపర్లు తెరిచి పూర్తిగా చదవండి. మీ సబ్జెక్టులో చెత్తను మీరు గుర్తుపట్టగలరు.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

థీసిస్ గడువు ఏడాది లోపు ఉన్న స్కాలర్‌కి: పెద్ద ఇంపాక్ట్ ఫ్యాక్టర్ల జోలికి పోకండి. మీ రిఫరెన్సుల్లో ఉన్న మధ్యస్థాయి హైబ్రిడ్ జర్నల్‌నో, మన దేశపు జర్నల్‌నో ఎంచుకోండి. సబ్మిషన్ నుంచి మొదటి నిర్ణయానికి సగటున ఎన్ని రోజులు పడుతుందో చాలా జర్నళ్లు తమ హోం పేజీలోనే వేస్తాయి, దాన్ని చూడండి. గడువు పొడిగింపుకు దరఖాస్తు చేసే వీలుంటే చేయండి. చెడ్డ జర్నల్లో పేపర్ జీవితాంతం సీవీలో ఉంటుంది, ఆరు నెలల ఆలస్యం ఎవరికీ గుర్తుండదు.

విదేశాల్లో పోస్ట్‌డాక్ ఆలోచన ఉన్నవాళ్లు సంఖ్య కంటే ఒక్క గట్టి పేపర్ మీద పందెం కాయండి, ప్రీప్రింట్ పక్కన పెట్టండి, పరిశోధకుడిని గుర్తించే 16 అంకెల ఆర్కిడ్ ఐడీ తీసుకోండి. మెడికల్ కాలేజీ టీచర్లు నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ) గుర్తించే ఇండెక్సుల జాబితా చూసుకున్నాకే మిగతాదంతా.

తెలుగు, చరిత్ర శాఖల స్కాలర్ల పరిస్థితి కష్టంగా ఉంది, దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఒకప్పుడు 1924 నుంచి 1991 దాకా వచ్చిన భారతి లాంటి పత్రికలో పరిశోధన వ్యాసం వస్తే పండితలోకం చదివేది. రాజమండ్రిలో 1922లో ఏర్పడ్డ ఆంధ్రేతిహాస పరిశోధక మండలి తన జర్నల్లో శాసనాలు అచ్చువేసేది. ఇప్పుడు తెలుగులో వచ్చే జర్నళ్లకు స్కోపస్‌తో పెద్దగా సంబంధం లేదు, ఉన్న ఆసరా కేర్ లిస్టు. అది పోయాక ఏ పత్రిక లెక్కలోకి వస్తుందో యూనివర్సిటీకో తీరుగా ఉంది. నా సలహా: ప్రధానమైన వ్యాసం తెలుగులోనే రాయండి, ఎందుకంటే శతక పద్యం మీద మీ వాదనను తూకం వేయగలిగిన పాఠకులు తెలుగులోనే ఉన్నారు. రాసే పత్రికకు రివ్యూ పద్ధతి ఉందా, పాత సంచికలు ఆన్‌లైన్‌లో ఉన్నాయా, వ్యాసానికి డీఓఐ (శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు నంబర్) ఇస్తారా అని చూడండి. రివ్యూయర్ల వ్యాఖ్యలు వచ్చిన మెయిళ్లు దాచుకోండి, రేపు ఎవరైనా అడిగితే అవే సాక్ష్యం. దానితో పాటు అదే పనిలోంచి ఇంకో కోణం తీసుకుని ఇంగ్లీషులో ఒక పేపర్ డైమండ్ జర్నల్‌కి పంపండి. అనువాదం కాదు, వేరే పాఠకుల కోసం వేరే పేపర్.

## రివిజన్ వస్తే, రిజెక్ట్ అయితే

మేజర్ రివిజన్ అంటే దుఃఖపడాల్సిన విషయం కాదు, సగం గెలిచినట్టే. ప్రతి వ్యాఖ్యకూ విడిగా జవాబు రాయాలి. మన నల్గొండ స్కాలర్‌ని రివ్యూయర్ ఇలా అడిగారనుకోండి: "నమూనాలు వర్షాలకు ముందు తీశారా, తర్వాతా? దాన్ని బట్టి ఫ్లోరైడ్ మారుతుంది కదా." జవాబుగా "సరిచేశాం" అని రాస్తే రివ్యూయర్‌కి ఒళ్లు మండుతుంది. "48 బోర్ల నుంచి మే నెలలో ఒకసారి, నవంబర్లో ఒకసారి తీశాం. ఈ వివరం పాత ప్రతిలో లేదు. ఇప్పుడు 7వ పేజీ 12వ లైన్ నుంచి చేర్చాం, రెండు కాలాల విలువలు 3వ పట్టికలో విడిగా ఇచ్చాం" అని రాస్తే ఎడిటర్ పని సులువవుతుంది. రివ్యూయర్ చెప్పింది తప్పనిపిస్తే ఒప్పుకోనక్కర్లేదు, కారణం మర్యాదగా చెబితే చాలు.

రిజెక్ట్ అయితే రెండో జర్నల్ పేరు మీ దగ్గర ముందే రాసి ఉండాలి. మొదటిసారి పంపే రోజే మూడు పేర్లు వరసగా రాసుకోమనేది ఇందుకే. తిప్పి పంపిన రివ్యూలు పారేయకండి, వాటి ప్రకారం దిద్దాకే రెండో చోటికి పంపండి. సబ్జెక్టు చిన్నదైతే అదే రివ్యూయర్ మళ్లీ తగులుతారు. కవర్ లెటర్లో పాత జర్నల్ పేరు అలాగే ఉండిపోయిందేమో చూసుకోండి, ఎడిటర్లకు ఇది తరచూ కనిపించే పొరపాటే.

ఒకే పేపర్ ఒకేసారి రెండు జర్నళ్లలో ఉండకూడదు. మొదటి జర్నల్ నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే ముందు ఎడిటర్‌కి మర్యాదగా ఒక మెయిల్ రాసి రెండు మూడు వారాలు చూడండి. అప్పటికీ జవాబు లేకపోతే ఉపసంహరిస్తున్నామని, రచయితలందరి పేర్లతో, పోర్టల్లోనూ మెయిల్లోనూ రాయండి. వాళ్ల నుంచి ఒప్పుకోలు చేతికొచ్చేదాకా రెండో చోట సబ్మిట్ బటన్ నొక్కకండి.